నీళ్ళు తగ్గని తొట్టి

మా ఇంటికీ మా తోటికోడలి ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అన్నదమ్ములిద్దరూ ఇల్లు కట్టుకునేటప్పుడు కలిసొస్తుందని నడిమి గోడ ఉమ్మడిగా లేపారు. అటువైపు కుక్కరు కూస్తే ఇటువైపు నేను లేచి నా పొయ్యి కట్టేయబోయేదాన్ని. అలాంటి గోడ గుండా, ఆ ఏడు శివరాత్రి దాటినప్పటి నుంచీ, సాయంత్రమయ్యేసరికి నా కూతురి నవ్వు వినిపించడం మొదలైంది.

కూతురు నవ్వితే తల్లి సంతోషించాలి. నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే పాప ఆ నవ్వు నా ఇంట్లో నవ్వడం లేదు. బడి నుంచి వస్తూనే సంచీ గడప దగ్గర విసిరేస్తుంది. కాళ్ళు కడుక్కోమంటే ఒక కాలు కడిగి, రెండో కాలు సంగతి మరచిపోయి, అటు పరుగు తీస్తుంది. తిండికి నా దగ్గరికి వస్తుంది, నిద్రకు నా దగ్గరికి వస్తుంది, ఎక్కాలు రాక తిట్లు తినడానికీ నా దగ్గరికే వస్తుంది. నవ్వడానికి మాత్రం చిన్నమ్మ కావాలి.

ఆ చిన్నమ్మ, అంటే మా మరిది భార్య, చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నాకు ఇంత బాధే లేదు. డిగ్రీ చదివింది. బ్యాంకు పరీక్షలు రాస్తానని చాప నిండా పుస్తకాలు పరుచుకుని కూర్చుంటుంది. ఇల్లు ఊడవాలంటే పుస్తకాలు అడ్డం, పుస్తకం చదవాలంటే నిద్ర అడ్డం. పొద్దున ఉతికిన బట్టలు చీకటి పడేదాకా తీగ మీదే వేలాడుతుంటాయి. అయినా ఆమెను ఎవరూ ఒక్క మాట అనరు. నవ్వు ముఖం కదా! వీధిలోకి వచ్చే కూరగాయల బండివాడు ఆమెకు అడగకుండానే గుప్పెడు కరివేపాకు కొసరు వేస్తాడు. నేను అడిగి, అలిగి వేయించుకోవాలి.

నా పని వేరు. ధర్మవరం పట్టుచీరలకు కొంగు కుచ్చులు కడతాను. చీర కొంగును కుర్చీకి బిగించి, కింద కూర్చుని, పోగులు విడదీసి ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవాలి. మధ్యలో వదిలేస్తే ముళ్ళు ఎగుడుదిగుడుగా వస్తాయి, పెళ్ళివాళ్ళు ఊరుకోరు. పాప వెనక నుంచి వచ్చి మెడ మీద పడితే, "ఉండు పాపా, ఈ వరస కానీ" అనేదాన్ని. వరస అయ్యేసరికి పాప ఉండేది కాదు.

వాళ్ళింట్లో ఒక చేపల తొట్టి ఉండేది. ఆమె తమ్ముడు బెంగళూరులో రూము ఖాళీ చేస్తూ, పారేయడానికి మనసు రాక, అక్క ఇంట్లో పెట్టిపోయాడట. తెచ్చిన కొత్తలో ఒకసారి చూశాను. చిన్నది, ఒక మూల చిట్లింది, లోపల ఎర్ర చేపలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇల్లు ఊడ్చే తీరిక లేదు గానీ చేపలొకటా అనుకుని వచ్చేశాను. ఆ తర్వాత నేను ఆ గడప తొక్కలేదు, నా కూతురు ఆ గడప అరగదీసింది.

మొదట్లో పోనీలే అనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటీ కంటబడటం మొదలైంది. నేను నడి పాపిట తీసి బిగించి వేసిన జడ, సాయంత్రానికి పక్క పాపిటతో తిరిగి వచ్చేది. అన్నం ముందు కూర్చుని, "మా, చిన్నమ్మ పప్పులో చింతపండు శానా ఏస్తాది, పుల్లగా బాగుంటాది" అనేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు. నేను పప్పు గరిటె గిన్నెలో గట్టిగానే పెట్టాను. ఆ చప్పుడు కూడా పాప పట్టించుకోలేదు.

ఒక పూట పాపకు జ్వరం వచ్చింది. మధ్యాహ్నం బడి నుంచి పంపించేశారు. పని పక్కన పడేసి, నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. గుడ్డ మార్చి మార్చి నా వేళ్ళు నానిపోయాయి. పాప కళ్ళు తెరవకుండానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టుకుని, "చిన్నమ్మా" అంది. గుడ్డ వేస్తున్నది నేను, పట్టుకున్న చెయ్యి నాది, పిలిచింది ఆమెను.

జ్వరం తగ్గిన రోజే తీర్మానించుకున్నాను. నా ఇంట్లోనూ చేపల తొట్టి ఉండాలి. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని నవ్వుకోండి, నేను నక్కనే. కానీ నా వాత పులి చార కంటే పెద్దదిగా ఉండాలని కూడా అప్పుడే అనుకున్నాను.

మా ఆయన తాడిపత్రిలో బండల పాలిష్ మిషను మీద పని చేస్తాడు. వారమంతా అక్కడే, శనివారం సాయంత్రం బస్సు దిగి తలలో తెల్ల దుమ్ముతో ఇంటికి వస్తాడు. ఆయన అన్నం తింటుండగా మాట కదిపాను.

"ఏమయ్యా, వచ్చే వారం నున్నటి బండ ఒకటి తేగలవా?"

"ఎందుకే? సమాధి కడతావా?"

"చేపల తొట్టి పెడతా. బరువు ఆపే బండ కావాల."

"పక్కింట్లో ఉండాది కదా. పాప ఆడికే పోయి చూసుకుంటాంది కదా."

"ఆడికే పోయి చూసుకుంటాంది కాబట్టే."

పై వారం బండ వచ్చింది. అంచులు కూడా నునుపు పట్టించి తెచ్చాడు. మాట తక్కువ మనిషే గానీ బండ విషయంలో మోసం చేయడు.

తొట్టి కోసం పాత ఊరు పేటలో చేపలమ్మే ఒక సాయిబు అంగడికి పోయాను. ఆయన చేపలు చూపించలేదు, ముందు నన్ను కూర్చోబెట్టాడు. "ఏమక్కా, మీ ఈదికి కొళాయి నీళ్ళు యప్పుడొస్తాయి? బోరు ఉండాదా? ముందు నీళ్ళ సంగతి చెప్పు, మళ్ళ చేపల సంగతి చూస్తాం" అన్నాడు. ఈ ఊర్లో చేపలు కొనడానికి వచ్చిన ప్రతి మనిషినీ అదే అడుగుతాడట. బోరు ఉంది, నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగడానికి ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చుకుంటాం అని చెప్పాను. ఆయన తలాడించి, "అయితే గట్టి రకం ఇస్తా" అని ఎర్రవీ, నల్లచుక్కలవీ కలిపి ఇచ్చాడు. తొట్టి మాత్రం అంగట్లో ఉన్నవాటిలో పెద్దది చూపించమన్నాను. గోడ అవతలి దానికి రెండింతలుంటుంది.

పెట్టిన సాయంత్రం పాప ఎక్కడికీ పోలేదు. ముక్కు అద్దానికి ఆనించి కూర్చుంది. చేప ఇటు వస్తే ఇటు, అటు పోతే అటు జరిగింది. ఒక నల్లచుక్కల చేపను చూపించి, "మా, ఇది నిన్నే చూస్తాంది" అంది. ఆ పూట గోడ అవతల చడీచప్పుడూ లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కుచ్చులు కడుతూ కూనిరాగం కూడా తీశాను.

ఆ హాయి ఎండలు ముదిరేదాకే. ఉగాదికి ముందే మా ఊర్లో గాలి వేడెక్కుతుంది. ఆరేసిన తుండుగుడ్డ అప్పడంలా బిగుసుకుపోయే ఎండ. పైన ఫ్యాను, కింద తెరిచిన తొట్టి. పొద్దున నిండుగా ఉన్న తొట్టి మర్నాటికి వేలి మందం దిగిపోయేది. దిగిన చోట అద్దం మీద తెల్లటి గీత మిగిలేది. రోజూ నేనే పోసేదాన్ని. పోసినప్పుడల్లా చేతులు తడుస్తాయి. తడి చేతులతో పట్టుచీర ముట్టుకోకూడదు, నీటి చుక్క పడితే పట్టు మీద మచ్చ ఉండిపోతుంది. చేతులు తుడుచుకుని, ఆరబెట్టుకుని, మళ్ళీ కూర్చునేసరికి పొద్దెక్కిపోయేది.

"మా, నేను పోస్తా" అని పాప చెంబు అందుకోబోయింది ఒకసారి. చెంబు లాక్కున్నాను. "నువ్వు తాకద్దు. నీళ్ళ పని నీకెందుకు? పోయి సదువుకో" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో చెప్పాలి. నేను పుట్టిన పల్లె శింగనమల దాపున ఉంది. ఆ ఊరి పేరు చెబితే అందరూ పెద్ద చెరువు కదా అంటారు. చెరువు కింది ఊళ్ళకే ఆ చెరువు. మాది మిట్టన ఉన్న పల్లె. ఎవరి తోటలోనైనా మోటరు తిరిగితే మాకు తాగే నీళ్ళు, కరెంటు వస్తే ఆ మోటరు తిరిగేది. కరెంటు బడి గంట చూసి రాదు. మోటరు మోత వినబడగానే పలకలు పక్కన పెట్టి ఆడపిల్లలమంతా బిందెలతో పరుగెత్తేవాళ్ళం. బిందె అంచు ఒరుసుకుని నా ఎడమ నడుము మీద నల్లగా కాయ కాచింది, ఇప్పటికీ పోలేదు. పురిటి మంచంలో పాపను పక్కన పడుకోబెట్టినప్పుడు నేను అనుకున్నది ఒకటే. ఈ పిల్ల నీళ్ళకు పోకూడదు, ఈ నడుముకు బిందె తగలకూడదు. బంగారం పెట్టడం ఎవరైనా పెడతారు. మా వైపు ఆడపిల్లకు తిప్పితే నీళ్ళొచ్చే ఇల్లు ఇవ్వడమే గొప్ప. అందుకే ఇంట్లో పాప తాగే గ్లాసు కూడా నేనే నింపి ఇస్తాను.

అలా నేను చెంబుతో తంటాలు పడుతున్న రోజుల్లోనే పాప మళ్ళీ గోడ అవతలికి పోవడం మొదలుపెట్టింది. ఇక్కడ ఇంత పెద్ద తొట్టి పెట్టుకుని అక్కడేముంది అని అడిగాను.

"చిన్నమ్మ తొట్టి నిండుగా ఉంటాది మా. ఆడ నీళ్ళు ఎప్పుడూ తగ్గవు" అంది.

"ఎట్ల తగ్గవు? వాళ్ళింట్లో ఎండ ల్యా? ఫ్యాను ల్యా?"

"తగ్గవు, అంతే" అని నవ్వి ఉరికింది.

ఇక నాకు నిలకడ లేదు. ఆమె ఫోనులో చూసి ఏదో మిషను పెట్టించి ఉంటుంది. డిగ్రీ చదివింది కదా, బెంగళూరు తమ్ముడు పంపించి ఉంటాడు. చెయ్యి పెట్టకుండా నీళ్ళు వాటంతటవే నిండుతుంటాయి, ఈమె కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంటుంది. పోయి చూడొచ్చు. కానీ పోయి చూస్తే నేను చూడటానికి వచ్చానని ఆమెకు తెలిసిపోతుంది. చూడకుండానే అంతకంటే మంచిది నేనే పెట్టాలనుకున్నాను.

నేనూ ఫోనులో చూశాను. ఒకాయన హిందీలో చెబుతున్నాడు. చిన్న మోటరు, నీటి మట్టం కనిపెట్టే కన్ను, గోడకు ప్లగ్గు. మట్టం తగ్గితే కన్ను చూస్తుందట, మోటరు తిరుగుతుందట. మా వీధిలో కరెంటూ నీళ్ళూ కూడబలుక్కుని ఒకేసారి వచ్చిన రోజు పండగ. మోటరు నమ్ముకుంటే చేపలు ఎండు చేపలవుతాయని ఆ వీడియో కట్టేశాను. కట్టేసి తల తిప్పితే కిటికీ దగ్గర మా కూలరు కనిపించింది. కూలరుకు పైనుంచి నీళ్ళు వదిలితే నిండగానే వాటంతటవే ఆగిపోతాయి. లోపల ఒక చిన్న బంతి ఉంటుంది, నీళ్ళతో పాటు అది పైకి లేచి దారి మూసేస్తుంది. నీళ్ళు దిగితే అదీ దిగి దారి వదులుతుంది. కరెంటుతో పని లేదు. అది చాలు నాకు.

కూలరు సామాన్లమ్మే అంగట్లో ఆ బంతి వాల్వు దొరికింది. తోటల్లో చీనీ, అదే బత్తాయి, చెట్లకు నీళ్ళు పెట్టే సన్నటి డ్రిప్పు పైపు ఇంకో అంగట్లో దొరికింది, దాంతో పాటు వేలెడంత ట్యాపు. మంచినీళ్ళ క్యాను ఒకటి ఇంట్లోనే ఉంది, అడుగున కొళాయి ఉన్న రకం. తొట్టి పైనున్న గూట్లో క్యాను ఎక్కించాను. దాని కొళాయికి పైపు తొడిగి, సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి చుట్టి కట్టాను. పైపు మధ్యలో ఆ చిన్న ట్యాపు, చివర బంతి వాల్వు. వాల్వును తొట్టి అంచుకు బిగించాను.

తొలిసారి బంతి మరీ పైన పెట్టాను. నీళ్ళు తొట్టి నిండి, అంచు దాటి, బండ మీద నుంచి గచ్చు మీదికి వచ్చాయి. చూసుకునేసరికి చీర మూట దగ్గరికి పాకుతున్నాయి. చీరలు మంచం మీదికి విసిరేసి, పాత లుంగీతో నీళ్ళన్నీ అద్ది, బకెట్లో పిండి, కరివేపాకు చెట్టుకు పోశాను. నీళ్ళు నేల పాలు చేస్తే మా అమ్మ ఒప్పుకునేది కాదు, ఎవరూ చూడకపోయినా నాకూ భయమే.

బంతిని కిందికి దించి బిగించాను. ఈసారి కొంచెం వచ్చి నీళ్ళు ఆగిపోయాయి. తొట్టి నిండలేదు, క్యాన్లో నీళ్ళున్నాయి, పైపులో మడత లేదు. పైపు ఊదాను, పీల్చాను, వాల్వును తిట్టాను. క్యాను వైపు చూస్తే పక్కలు లోపలికి సొట్ట పోయి ఉన్నాయి. అప్పుడు వెలిగింది. నూనె డబ్బాకు ఒకే బొక్క పెడితే నూనె రాదు, గాలికి ఇంకో బొక్క కావాలి. క్యాను మూత నేను బిగించి పెట్టాను. మూత వదులు చేయగానే క్యాను టప్పుమని మామూలుగా అయింది, నీళ్ళు కదిలాయి.

క్యాన్లో మొదట బోరు నీళ్ళే పోశాను. కొన్నాళ్ళకు అద్దం మీద తెల్ల గీత మందమైంది, వాల్వు మూతికీ తెల్లటి పెచ్చు కట్టింది. నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే పెచ్చే ఇదీ. ఎగిరిపోయేది ఉత్త నీళ్ళు, ఉప్పంతా తొట్టిలోనే మిగులుతుంది, దాని మీద నేను మళ్ళీ ఉప్పు నీళ్ళు పోస్తున్నాను. ఆ లెక్కన వేసవి దాటేసరికి చేపలు ఊరగాయే. క్యాను దించి, కడిగి, ప్లాంటు నుంచి తెచ్చిన మంచినీళ్ళు పోశాను. ఆ శనివారం మా ఆయన చూసి చెయ్యి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మనుషులు తాగే నీళ్ళు చేపలకు పోస్తాండావా? ఎవరన్నా ఇంటే తిడతారే."

"తిట్టనీ. ఈ తొట్టి తగ్గకూడదు."

తగ్గలేదు. పొద్దున చూసినా నిండుగా, సాయంత్రం చూసినా నిండుగా. నీళ్ళు పిసరంత దిగితే బంతి దిగేది, పైపు చివర సన్నటి ధార, మళ్ళీ బంతి లేచేది. ఎవరూ లేవక్కర్లేదు, ఎవరి చెయ్యీ తడవక్కర్లేదు. నేను కుచ్చులు కడుతూ ఆ ధార చప్పుడు వినేదాన్ని. నా పల్లెలో ఎవరికీ లేనిది నా ఇంట్లో చేపలకు కూడా ఉందని గర్వంగా ఉండేది.

పాపను పిలిచి చూపించాను. బంతిని వేలితో నొక్కి, నీళ్ళు వచ్చేలా చేసి, వదిలి, ఆగేలా చేశాను. పాప కళ్ళు పెద్దవి చేసింది. "బాగుండాది మా" అంది. తనూ ఒకసారి నొక్కింది. మర్నాడు ఒకసారి చూసింది. ఆ పై రోజు సంచీ విసిరేసి, ఒక కాలు కడిగి, తొట్టి వైపు తల తిప్పకుండా గోడ అవతలికి పోయింది.

ఈసారి ఆపుకోలేకపోయాను. ఏం మిషను పెట్టిందో నా కళ్ళతో నేను చూడాలి. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని చెనక్కాయ పొడి గిన్నెలో వేసుకుని వాళ్ళ గడప ఎక్కాను. తలుపు తెరిచే ఉంది.

పాప స్టూలు మీద నిలబడి ఉంది. రెండు చేతులతో చెంబు పట్టుకుంది. నాలుక పళ్ళ మధ్య బిగించి, ఊపిరి బిగబట్టి, సన్నటి ధారగా తొట్టిలో నీళ్ళు పోస్తోంది. మా తోటికోడలు ధార కింద అరచెయ్యి పట్టింది, నీళ్ళు ఆమె వేళ్ళ సందుల నుంచి తొట్టిలోకి జారుతున్నాయి. తొట్టి అద్దం మీద ఒక ఎర్ర స్టిక్కరు బొట్టు అంటించి ఉంది. పాప నుదుట బొట్టు లేదు.

"మెల్లగా, ఇంగా మెల్లగా. చేపలు బెదురుతాయి" అంటోంది ఆమె.

నీళ్ళు పైకి పైకి వచ్చి ఆ బొట్టును తాకాయి. "చాలు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచి, పడీ పడీ నవ్వారు. రోజూ నేను గోడ గుండా వింటున్న నవ్వు అదే.

నన్ను చూసి ఆమె చెయ్యి చీరకు తుడుచుకుంది. "రా అక్కా, కూచో. సూడు నీ కూతురు ఎంత పనిమంతురాలో."

"మిషను యాడ?" అన్నాను.

"ఏ మిషను అక్కా?"

"నీళ్ళు తగ్గకుండా పోసేది."

ఆమె ఇంకా నవ్వింది. "మిషను యాడిది అక్కా, మీ పాపే మిషను. పొద్దున్నుంచి ఎంత తగ్గినా నేను ముట్టుకోను. బడి నుంచి వచ్చి తనే పోయాలంట. నేను పోసినానని ఒకసారి ఎంత ఏడ్చిందో. ఈ చెంబు నీళ్ళ కోసమే ఉరుక్కుంటా వస్తాది."

అప్పుడు నాకు వచ్చినంత అసూయ నా జన్మలో రాలేదు. నేను అంగడి అంగడి తిరిగి, పైపు పీల్చి, గచ్చు తుడిచి సాధించినదాన్ని ఈమె ఏ పనీ చేయకుండా, ఊరికే నీళ్ళు తగ్గనిచ్చి సాధించింది. బద్ధకమే ఆమెకు కలిసొచ్చింది. నేను నా బిడ్డకు అంటకూడదని ఇన్నేళ్ళు దాచిన చెంబును ఈమె బొమ్మలా చేతికిచ్చింది, నా బిడ్డ దాని కోసం పరుగెత్తుతోంది.

"మా పాప చేత నీళ్ళు మోపిస్తాండావా?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

"ఒక చెంబు అక్కా..."

"నీకు ఒక చెంబే. నువ్వు యాడ మోసినావు, నీకేం తెలుసు?"

ఆమె ముఖం చిన్నబోయింది. పాప స్టూలు దిగింది. భయపడితే పిల్లలు తల్లి దగ్గరికి వస్తారు. నా కూతురు వెళ్ళి ఆమె వెనక నిలబడి, ఆమె కొంగు పట్టుకుంది. పొడి గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రం పాప ఇంటికి వచ్చింది. అన్నం పెట్టాను, తింది. మర్నాడు పాప బడికి పోయాక గూటి దగ్గరికి పోయి పైపు మధ్యలో ఉన్న చిన్న ట్యాపు మూసేశాను.

ఇక ఎండ తన పని చేసింది. తొట్టిలో వేలెడు దిగింది, ఇంకో వేలెడు దిగింది. బంతి గాలిలో వేలాడింది. పాప తొట్టి పక్క నుంచే పోతుంది, పక్క నుంచే వస్తుంది, చూడదు. నేను పిలవను. పిలిస్తే నేను అడిగినట్టు ఉంటుంది. శనివారం మా ఆయన చూసి, "ఏమే, నీళ్ళు దిగిపోయినాయే" అని చెంబు అందుకోబోయాడు. "కూచో. నువ్వు తాకద్దు" అన్నాను. ఈ ఇంట్లో ఎవరు ఏది తాకొచ్చో ఆయనకు అర్థం కావడం మానేసి చాలా రోజులైంది.

చివరికి నేనే దిగొచ్చాను. పాప బడి నుంచి వచ్చే వేళకు తొట్టి పక్కన స్టూలు వేశాను. చెంబు తోమి, మంచినీళ్ళు నింపి పెట్టాను. అద్దం మీద బొట్టు కూడా అంటించాను, వాళ్ళదాని కంటే పెద్దది. చీర మూట పక్కకు జరిపి, కుర్చీకి కట్టిన కొంగు విప్పేశాను. ఆ పూట వరస మధ్యలో లేచినా ఫరవాలేదనుకున్నాను.

సంచీ గడప దగ్గర పడింది. "పాపా, ఈడికి రా" అన్నాను. "తొట్టిలో నీళ్ళు తగ్గినాయి సూడు. మిషను చెడిపోయిందేమో. నువ్వు పోస్తావా?"

చెంబు చేతికివ్వబోయాను. పాప తొట్టి చూసింది, వేలాడే బంతిని చూసింది. తల పైకెత్తి క్యానును చూసింది. స్టూలు ఎక్కింది. చెంబు అందుకుంటుందని నేను చెయ్యి ముందుకు పెట్టాను. పాప నా చెయ్యి దాటి పైపు మీద వేలు పెట్టి, అలాగే పైకి జరుపుకుంటూ పోయి, ట్యాపు దగ్గర ఆగి, దాన్ని తిప్పింది.

నీళ్ళు గుడగుడమన్నాయి.

"ఏం చెడిపోలేదు మా. ట్యాపు మూసుకోనుండాది, అంతే. నేను బాగు చేసినా" అంది. ముఖం వెలిగిపోతోంది. స్టూలు మీద నుంచే వంగి నా చెంప మీద ముద్దు పెట్టింది. "నీకు పని పడుతుందని భయపడినావా? ఇంగ నువ్వు ఏం చేయద్దు, అదే నిండుతాది."

దూకింది. "చిన్నమ్మా, నేను మా ఇంట్లో మిషను బాగు చేసినా!" అని అరుస్తూ పోయింది.

నీళ్ళు నిండాయి, బంతి పైకి లేచి ధార ఆగిపోయింది. చెంబు నా చేతిలోనే ఉంది. ఆ నీళ్ళు ఎక్కడ పోయాలో తోచక, నిలబడి నేనే తాగేశాను.